స్వతంత్ర భారతపు తొలి నాణెములు

గతవారము మా కార్యాలయమునకు పాఠకమహాశయులొకరు చిన్న కఱ్ఱపెట్టె నొకదానిని తీసికొనివచ్చిరి. వారి పితామహులు దాచియుంచిన చిల్లర అందున్నది. గుఱ్ఱపుబొమ్మగల కాణీలు, ఎద్దుబొమ్మగల అణాలు, బేడలు, గోధుమవెన్నులుగల రూపాయలు రెండు. వానినన్నిటిని చింతపండుతో తోమి, ముగ్గుపిండితో మెఱుగుపెట్టి, అద్దములవలె తళతళలాడునట్లు చేసి మఱి తెచ్చిరి. ఒక్కొక్కదానికి లక్షరూపాయలు వచ్చునని సెల్‌ఫోనులో చూచితిమి, నిజమేనా యని వారి ప్రశ్న. నిజము కాదని చెప్పుటకు మాకు క్షణకాలము చాలినది. అట్లయిన వీని విలువ యేమని వారు తిరిగి యడిగిరి. దానికి ప్రత్యుత్తరము చెప్పుటకు గంటసేపు పట్టినది. ఇట్టి పెట్టెలు ఇంకను అనేక గృహములలో అటకలమీదను, పూజామందిరములలోను ఉన్నవి గనుక ఆ ప్రత్యుత్తరమును పాఠకులందఱికిని వినిపించుట యుక్తమని తలంచుచున్నాము.

మన దేశము 1947 ఆగస్టు 15వ తేదీన స్వతంత్రమయ్యెను గాని, మన సంచిలోని నాణెము ఆనాడు స్వతంత్రము కాలేదు. తపాలాబిళ్ల దానికంటె ముందుగా మేల్కొనినది. త్రివర్ణపతాకముతోడి బిళ్ల 1947 నవంబరు 21వ తేదీననే వెలువడెను. నాణెమునకు మూడేండ్లు పట్టినది. ఆ మూడేండ్లును స్వతంత్రభారతపౌరుడు బియ్యము కొన్నను, ఉప్పు కొన్నను, రైలుటిక్కెట్టు కొన్నను చెల్లించినది కిరీటధారియైన ఆఱవ జార్జి ముఖమునే. రాజు, చక్రవర్తి యని ఆ ముఖము చుట్టును ఇంగ్లీషక్షరములు. భారతచక్రవర్తి యను బిరుదమును 1948 జూను 22వ తేదీన ఆ రాజే విడిచిపెట్టెను. మన బజారులోని రూపాయి మాత్రము విడువలేదు. పొరుగున నేర్పడిన పాకిస్తాను 1948లోనే నెలవంకయు నక్షత్రమునుగల స్వంత నాణెములను చలామణిలోనికి తెచ్చెను. మన ఆలస్యమునకు మేము అంతగా చింతింపము. రాజ్యాంగము పూర్తికాకమునుపు, రాజ్యముద్ర యేదియో నిర్ణయము కాకమునుపు, అచ్చు దింపుట తొందరపాటే యగును. 1950 జనవరి 26వ తేదీన గణరాజ్య మేర్పడినది. సారనాథములోని అశోకుని సింహశీర్షము రాజ్యచిహ్నమైనది. ఆ యేటి ఆగస్టు 15వ తేదీననే క్రొత్త నాణెముల వరుస వెలువడినది.

ఆ వరుసలోనివి ఏడు. రూపాయి, అర్ధరూపాయి, పావలా నికెలువి. బేడ, అణా, అర్ధణా రాగినికెలు మిశ్రమముతోడివి. కాణి కంచుది. అన్నిటికిని ఒకవైపున సింహశీర్షము. రెండవవైపున, రూపాయి మొదలు పావలా వఱకు గోధుమవెన్నులు. బేడ, అణా, అర్ధణాలపై వృషభము. కాణిపై పరుగెత్తు గుఱ్ఱము. ఈ రెండు మృగములును బయటినుండి తెచ్చినవి కావు. సింహశీర్షము క్రింది దిమ్మెపై ధర్మచక్రమున కిరుప్రక్కలను మనకు కనబడునవి అవియే. అంతకుముందు 1946, 1947 సంవత్సరముల నికెలు నాణెములపై పులి యుండెడిది. పులి పోయి పైరు వచ్చినది. వేటగాండ్రైన ప్రభువులకు పులి ప్రీతిపాత్రము కావచ్చును; కఱవులు చూచిన ప్రజలకు వెన్ను ప్రీతిపాత్రము. వరివెన్ను గాక గోధుమవెన్ను నేల పెట్టిరని గోదావరి, కృష్ణా రైతులు అడిగినచో మా యొద్ద సమాధానము లేదు.

ఆ రూపాయి వెండిది కాదని చిన్నచూపు చూచువారు కలరు. వెండి పోవుటకు కారణము స్వరాజ్యము కాదు, యుద్ధము. 1835 నుండి నూటయెనుబది గ్రెయిన్ల తూకములో పండ్రెండింట పదునొకండు పాళ్లు వెండిగానుండిన రూపాయి 1940లో సగము వెండికి దిగినది. యుద్ధకాలములో అమెరికానుండి అప్పుగా తెచ్చిన వెండిని తిరిగి యీయవలసియుండెను గనుక యుద్ధానంతరము ఆ సగమువెండి రూపాయలనుకూడ ఉపసంహరించి, నికెలు రూపాయి నచ్చువేసిరి. అదే రాగి కొఱతచేత 1943లో కాణికి నడుమ పెద్దరంధ్రము పడినది. 1947 వఱకును ఆ చిల్లుకాణియే అచ్చయినది. 1950 నాటి కాణిలో ఆ రంధ్రము పూడి, ఆ స్థానమున గుఱ్ఱము నిలిచినది. ఈ రెండు కాణీలను ఒకదానిప్రక్క నొకటి పెట్టి చూడుడు. యుద్ధముచేత పీల్చబడిన దేశమొకటి, తన కాళ్లపై తాను నిలువజూచు దేశమొకటి, రెండును రూపాయిలో అఱువదినాల్గవపాలు వెలగల రేకుముక్కలలో కనబడును.

ఇట్టి సాక్ష్యమును మనవారు ఎఱుగనివారు కారు. 1906లో నాసికప్రాంతమున జోగళ్తంబి గ్రామములో పదుమూడువేలకు పైబడిన వెండినాణెములు దొరకినవి. అవి క్షహరాటుడైన నహపానునివి. వానిలో మూడింట రెండుపాళ్లకు మించినవానిపై మన శాతవాహనచక్రవర్తి గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రను తిరిగి కొట్టించియుండెను. ఓడిన రాజు ముఖముమీదనే గెలిచిన రాజు చిహ్నము! ఆ జయమునకు శాసనసాక్ష్యము వేఱుగా నున్నను, ఈ కుండెడు నాణెములు చెప్పినంత సూటిగా మఱేదియు చెప్పదు. 1950లో మన ప్రభుత్వ మట్లు చేయలేదు. జార్జి ముఖముపై సింహమును కొట్టలేదు, ప్రక్కన నుంచినది. అనేక సంవత్సరములు రెండును ఒకే సంచిలో ఒకదానినొకటి రాచుకొనుచు తిరిగినవి. ఇది మెత్తదన మనువారు అనుకొందురు గాక. బీదవాని చేతిలోని అణాను ఒక్కరాత్రిలో చెల్లని బిళ్లను చేయకుండుట మాకు మెత్తదనముగా తోచదు.

ఇంతవఱకు చెప్పినది సంతోషము. ఇక మనస్సునకు కష్టము కలిగించునది కూడ చెప్పక తప్పదు. పాఠకులు తమ పెట్టెలలో ఆఱవ జార్జినాటి అణాను, బేడను వెదకి రెండవవైపు త్రిప్పి చూడుడు. ఇంగ్లీషుతోపాటు నాలుగులిపులలో వెల వ్రాయబడియుండును: ఉర్దూ, నాగరి, వంగము, తెలుగు. అవును, మన తెలుగు. ఈ యాచారము ఏడవ ఎడ్వర్డునాటి రాగినికెలు అణాతో ఆరంభమై, జార్జీలనాడు బేడకును వ్యాపించి, 1947 వఱకు సాగినది. నలుబదియేండ్లపాటు కరాచీలోను, ఢాకాలోను, లాహోరులోను మనుష్యులు చేతబట్టిన అణాపై తెలుగక్షర ముండెను. ఇక 1950 నాటి అణాను త్రిప్పి చూడుడు. వృషభము ముచ్చటగానున్నది. ఇంగ్లీషున్నది. హిందీ యున్నది. తెలుగు లేదు.

ఇందుకు సమాధానము చెప్పువారు రెండు మాటలు చెప్పుదురు. చిన్న బిళ్లపై భాషలన్నిటికిని చోటు చాలదనుట మొదటిది. రాజభాష నిర్ణయమైన పిమ్మట తక్కినవి యనవసరమనుట రెండవది. మొదటి మాటకు ఆ పాత అణాయే ప్రత్యుత్తరము. అర్ధరూపాయికంటె చిన్నదైన ఆ రేకుపై నాలుగులిపులు చక్కగా ఇమిడినవి. రెండవ మాటకు మన కరెన్సీనోటు ప్రత్యుత్తరము. దానిపై తెలుగు నేటికిని ఉన్నది, దానివలన రాజ్యమునకు హాని యేమియు కలుగలేదు. అట్లని తెలుగు నుంచినందులకు పరప్రభుత్వమును పొగడుటకు మేము సిద్ధముగా లేము. వారు వ్రాసినది మన భాషపై ప్రేమచేత కాదు, సంతలో వ్యవహారము సాగవలెనని. తమిళసోదరులకు ఆ మాత్రపు గౌరవముకూడ దక్కలేదు. కాని వ్యాపారబుద్ధితో పరాయివాడు ఇచ్చిన చోటు స్వకీయప్రభుత్వము వచ్చిన పిదప పోవుట విచారకరమని వ్రాయుటకు మేము సంకోచింపము. 1947 నాటి అణాను, 1950 నాటి అణాను జంటగా దాచుడని మేము గట్టిగా చెప్పుటకు కారణ మిదియే. రెండవదానిని మాత్రమే దాచినవానికి ఏమి వచ్చినదో తెలియును. ఏమి పోయినదో తెలియదు.

తెలంగాణములో ఈ కథ మఱియొక మలుపు తిరిగినది. అక్కడివారికి నాణెములే రెండు. చార్మినారు బొమ్మగల నిజాముప్రభుత్వపు హాలీ సిక్కా యొకటి. కల్దారని పిలువబడిన ఇంగ్లీషువారి రూపాయి మఱియొకటి. ఏడు హాలీరూపాయలకు ఆఱు కల్దారులు మారకము. 1948 సెప్టెంబరులో సంస్థానము భారతదేశములో కలిసినను హాలీ తత్‌క్షణమే అంతరింపలేదు. 1959 వఱకు నిలిచినది. హైదరాబాదు టంకశాల 1950లో భారతప్రభుత్వమునకు స్వాధీనమైనది. కనుక 1950 ప్రాంతమున నల్లగొండలోనో వరంగల్లులోనో ఒక దుకాణదారుని గల్లాపెట్టెలో చార్మినారు, జార్జి, సింహశీర్షము మూడును చేరియుండుట సహజము. ముగ్గురు ప్రభువుల నాణెములను ఒక్క పూటలో లెక్కించి, ఏడింటికి ఆఱు చొప్పున మనస్సులోనే మారకము కట్టిన ఆ దుకాణదారుని గణితమునకు నేటి పట్టభద్రులు నమస్కరింపవలెను. తెలంగాణపు గృహములలో పాతచిల్లర దొరకినప్పుడు ఈ మూడింటిని వేఱుచేసి అమ్మివేయక కలిపి యుంచుట మిక్కిలి అవసరము. విడదీసిన పిమ్మట మూడును అంగడి సరకులే.

ఈ అణాల వరుస ఆయుర్దాయము స్వల్పము. 1955లో నాణెముల చట్టము సవరింపబడి, 1957 ఏప్రిలు 1వ తేదీనుండి రూపాయికి నూఱు నయాపైసలైనవి. రూ. అ. పై. యని మూడుగడులు గీసిన చిట్టాపుస్తకములకు కాలము తీఱినది. అణా ఆఱుంబావు నయాపైసలు. పావుపైసకు నాణెము లేదు. ఆఱేయని లెక్కగట్టుటవలన అణా కూరకు పావుపైస ఎవరిది పోయినదో గృహిణులకు బాగుగా తెలియును. 1964 జూను 1వ తేదీన నయా యను విశేషణమును తొలగించిరి. 2011 జూను 30వ తేదీతో పావలాయు అంతకు తక్కువవియు చెల్లుబాటు కోల్పోయినవి. అణా పోయి అఱువదియేండ్లు దాటినను పదహారణాల తెలుగు అను మాట పోలేదు. పదహారెందుకని నేటి బాలుని అడిగిచూడుడు.

మఱియొకమాట. ఈ యేడేండ్లును ఆంధ్రులకు సామాన్యములైన యేండ్లు కావు. పొట్టి శ్రీరాములుగారు ప్రాణత్యాగము చేసిన 1952 డిసెంబరులోను, కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్ర మవతరించిన 1953 అక్టోబరులోను, ఆంధ్రప్రదేశ మేర్పడిన 1956 నవంబరులోను జనులచేతులలో మెలగినవి ఈ గుఱ్ఱపుకాణీలు, ఈ ఎద్దు అణాలే. ఆ దినములలో పత్రికను కొన్నవాడు ఇచ్చినది ఈ నాణెమునే.

ఇక వెల సంగతి. కోట్లకొలది అచ్చయిన నాణెము అపురూపము కానేరదు. అరిగిపోయిన గుఱ్ఱపుకాణి నేటికిని బజారులో స్వల్పవెలకు దొరకును. లక్షలిత్తుమని ప్రకటనలు చేయువారు కొనువారు కారు. ముందుగా రుసుమో పన్నో కమీషనో చెల్లింపుడని వసూలు చేసికొని మాయమగువారు. తన పేరును వాడుకొని జరుగుచున్న ఇట్టి మోసములను గూర్చి రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రజలను బహిరంగముగా హెచ్చరించినది. అయినను ఉచ్చులో పడువారు తగ్గలేదు. తాత మిగిల్చిన కాణితో లక్షాధికారి కావలెనను ఆశ మనిషిని ఎంత త్వరగా గ్రుడ్డివానిని చేయునో మా కార్యాలయమునకు వచ్చు జాబులే చెప్పుచున్నవి. అటుప్రక్క చట్టమును ఆశ్రయింతమన్నను వీలులేదు. 1972 నాటి పురావస్తువుల చట్టమునకు నూఱేండ్లు నిండిన నాణెమే పురావస్తువు. 1950 నాటి అణా ఆ గౌరవమునకు పాత్రమగుటకు 2050 రావలెను. అందాక దానికి రక్షకులు ఇంటివారే.

రక్షణ యనగా ఏమి చేయవలెను? మొదట ఏమియు చేయకుండుట. చింతపండు, బూడిద, నిమ్మరసము, పండ్లపొడి, వీనిలో దేనిని తాకింపరాదు. కంచుపై పట్టిన గోధుమవన్నె మాలిన్యము కాదు, అది దాని చర్మము. తోమినచో అచ్చు రేఖలే పోవును. ఒకమాఱు తోమిన నాణెమునకు పాతవన్నె తిరిగి రాదు. అంచులు పట్టుకొని తీయుట, ఒక్కొక్కదానిని పొడి కాగితపుసంచిలో నుంచుట, తేమ తగులనీయకుండుట చాలును. తరువాత చూడవలసినది తేదీ, తేదీక్రింది గుఱుతు. వజ్రాకారపు చిన్నచుక్క యున్నచో బొంబాయి టంకశాలది. గుఱుతేదియు లేనిచో కలకత్తాది. ఆ కలకత్తా టంకశాలయే 1952లో అలీపూరుకు మారినది. 1950 నాటి కాణి మందముగా నుండును, తరువాతివి పలుచన. ఇవన్నియు భూతద్దముతో ఒక్క సాయంకాలములో పదేండ్ల బాలుడు నేర్చుకొనదగిన విద్యలు.

సంగ్రాహకులతో మాకు చిన్న తగవు కలదు. చేయి తాకని, టంకశాలనుండి నేరుగా పెట్టెలోనికి పోయిన నాణెమునే వారు నాణెమందురు. అరిగినదానిని ప్రక్కకు నెట్టుదురు. అందమునకు అది సరియే. కాని ఎవరిచేతిలోను తిరుగని నాణెము ఏమి చూచినది? బస్సుకండక్టరు తోలుసంచిలోను, కూలివాని పంచె ముడిలోను, తాంబూలపు పళ్లెరములోను తిరిగి గుఱ్ఱముకాళ్లు అరిగిపోయిన కాణిని మేము ఎక్కువగా గౌరవింతుము. గోదావరి వంతెనపై రైలు పోవుచుండగా కిటికీనుండి నదిలోనికి కాసు విసరి నమస్కరించు ఆచారము మన తల్లులది. ఈ వరుసలోనివి ఎన్నివేలు ఆ యిసుకక్రింద నున్నవో గోదావరికే యెఱుక. ఆ సంగ్రహమును మించినది ఏ ప్రదర్శనశాలలోను లేదు.

ప్రదర్శనశాలల ప్రసక్తి వచ్చినది గనుక చెప్పుచున్నాము. రిజర్వు బ్యాంకువారు 2004లో ముంబయిలో నెలకొల్పిన ద్రవ్యప్రదర్శనశాల ప్రశంసనీయము. హైదరాబాదులోని ప్రభుత్వ ప్రదర్శనశాలలో ప్రాచీననాణెముల రాశి ప్రసిద్ధము. కాని గ్రామపాఠశాలలోని విద్యార్థి ముంబయి పోలేడు. పాఠశాలకొక గాజుపెట్టె యుంచి, అందు ఈ యేడు నాణెములను, వానిప్రక్క చిల్లుకాణిని, తెలుగక్షరముల అణాను, తెలంగాణములోనైన హాలీనాణెము నొకదానిని పెట్టుటకు ఎంత వ్యయమగును? ఆ గ్రామములోని వృద్ధులను అడిగినచో పైసవ్యయము లేకుండ సమకూడును. స్వాతంత్ర్యదినోత్సవమున మిఠాయి పంచిన తరువాత పిల్లలచేతికి ఆ అణాను ఒక్కమాఱు ఇచ్చి చూడనీయవలెను. విద్యాశాఖవారి ఉత్తరువు వచ్చువఱకు వేచియుండవలదని ఉపాధ్యాయులకు మా మనవి.

మఱియొక సంగతి మఱవరాదు. నాణెముతోపాటు దాని కథను వ్రాసి పెట్టుట. సంగ్రాహకులలో పలువురు లోహము, తూకము, తేదీ వ్రాయుదురు. అది ఎవరి యింటిలో దొరకినదో, ఎవరు దాచిరో, ఎందులకు దాచిరో వ్రాయరు. పితామహుల తరమువారు ఇంకను కొందఱు జీవించియున్నారు. అణాకు ఏమి వచ్చెడిదో, మొదట సింహపుబొమ్మ చూచినప్పుడు పల్లెలో ఏమనుకొనిరో చెప్పగలవారు వారే.

మా వద్దకు వచ్చిన పాఠకమహాశయులకు ఇదియే చెప్పి, కాగితపుసంచులు పదింటిని ఇచ్చితిమి. పెట్టె సర్దుకొనుచుండగా అడుగున మఱియొక కాణి కనబడినది. చింతపండు దానిని తాకలేదు. పసుపుగుడ్డలో చుట్టి ముడివేసియున్నది. దానిని మాత్రమేల తోమలేదని యడిగితిమి. అది నాయనమ్మ కట్టిన ముడుపు, ఏ దైవమునకో ఎందులకో తనకు తెలియదు, ఊరిలోనున్న మేనత్త కేమైన తెలియునేమో యనిరి. సంచిపై తేదీ వ్రాసి, తక్కినది ఖాళీగానుంచి, ఆదివారము బస్సులో ఊరికి పోయి అడిగివచ్చెదనని చెప్పి సెలవు తీసికొనిరి.